గుర్రం తిరిగిన పూట

గుర్రాన్ని చంపమని అడిగింది నేనే. పోయిన మాఘంలో, ఒక గురువారం మధ్యాహ్నం, పశువుల డాక్టరుకు ఫోన్ చేసి ఆ మాటే అన్నాను. ఆమె వినలేదు. గుర్రం ఇప్పుడు పెరట్లో గడ్డి తింటున్నది. ఆ రోజు అంత తొందరగా ఆ మాట నా నోటికి ఎట్లా వచ్చిందో రాసి పెట్టాలని కూర్చున్నాను.

గుర్రం నా భర్తది. ఆయన పద్నాలుగేళ్లు గల్ఫ్‌లో ఒక షేకు తబేలాలో గుర్రాల పని చేశాడు. ఆర్మూర్ నుంచి పోయేవాళ్లు ఎక్కువగా కట్టడాల పనికో డ్రైవర్లుగానో పోతారు. ఈయనకు మాత్రం గుర్రాలు దొరికాయి. మొదట లద్ది ఎత్తడానికి పెట్టుకున్నారు. తర్వాత తోమడం, తిప్పడం, కాళ్లకు కట్లు కట్టడం నేర్చుకున్నాడు. కొన్నేళ్లకు తన తమ్ముణ్ణి కూడా అదే తబేలాకు పిలిపించుకున్నాడు. తమ్ముడు ఇప్పటికీ అక్కడే ఉన్నాడు. ఈయన మాత్రం తిరిగి వచ్చేసి ఒక తెల్ల ఆడగుర్రాన్ని కొన్నాడు. పెళ్లి బరాతులకు కిరాయికి ఇస్తే ఇద్దరికీ గడిచిపోతుందని ఆయన ఆలోచన.

గుర్రం వచ్చిన రోజు పక్కింటి పెద్దమ్మ దాన్ని ముందు నుంచి ఒకసారి, పక్క నుంచి ఒకసారి చూసింది.

"అందరి మొగుళ్లు దుబాయ్ నుంచి బంగారం తెస్తరు. నీ మొగడు గుర్రాన్ని తోముడు నేర్సుకొని వచ్చిండు గదనే" అన్నది నాతో.

"బంగారం తంతదా పెద్దమ్మా? ఇది తంతది. జర దూరం జరుగు" అన్నాడు ఆయన.

మా ఇల్లు మార్కెట్‌కు పోయే దారిలో ఉంది. పసుపు సీజన్‌లో పొద్దంతా ట్రాక్టర్లు పోతుంటాయి. ఆ మూడు నెలలూ మా గుర్రం తెల్లగా ఉండదు. వీపు మీద, జూలులో పసుపు దుమ్ము పేరుకుంటుంది. బరాతు ఉన్న రోజు ఆయన దాన్ని ఒక పూటంతా కడిగేవాడు. "పెండ్లికొడుకు కంటె ముందుగాల దీనికే పసుపు పెట్టిన్రు" అనేవాడు బకెట్లు మోసుకుంటూ.

నేను ఇక్కడి శాఖా గ్రంథాలయంలో పని చేస్తాను. మాకు పిల్లలు లేరు. ఆయన లేని పద్నాలుగేళ్లలో ఒక్కదాన్నే వండుకోవడం, ఒక్కదాన్నే చదువుకోవడం అలవాటైంది. ఆయన తిరిగి వచ్చాక ఇంట్లో ఇంకో మనిషి దగ్గు వినపడితే కొన్నాళ్లు ఉలిక్కిపడేదాన్ని. ఆయనకూ అట్లాగే ఉండేదేమో. సాయంత్రం ఆయన పెరట్లో గుర్రాన్ని తోముతుంటే నేను వెనుక గుమ్మంలో కూర్చొని పుస్తకం చదువుకునేదాన్ని. ఆయన మాట్లాడేది ఎక్కువగా గుర్రంతోనే. సగం ఉర్దూ, సగం తెలుగు, మధ్యలో రెండు అరబ్బీ ముక్కలు. నాకు చెప్పాల్సినవి కూడా కొన్నిసార్లు దానికే చెప్పేవాడు. "ఇయ్యాల కూరల ఉప్పు ఎక్కువైంది, ఎవరికి చెప్పాలె?" అని గుర్రం చెవిలో అనేవాడు, నాకు వినపడేట్టు. అట్లా ఐదేళ్లు గడిచాయి. మా కాపురంలో ఇద్దరం ఒకే చోట ఉన్న కాలం చూసుకుంటే దాదాపు అంతే.

తర్వాత కడుపులో గడ్డ అన్నారు. హైదరాబాద్ దవాఖానలో రెండు నెలలు తిరిగాక, ఇక చేసేది లేదని, నొప్పి లేకుండా చూసుకోవడమే మిగిలిందని చెప్పారు. మార్ఫిన్ గోలీలు ఇచ్చారు. ఎట్లా ఇవ్వాలో అక్కడి డాక్టరు నాకు రెండుసార్లు చెప్పాడు. పగలు నాలుగు గంటలకొకటి, రాత్రి పడుకునేముందు రెండు. నొప్పి వచ్చేదాకా ఆగవద్దు, గడియారం చూసి ఇవ్వాలి. మత్తుగా ఉంటాడు, మలబద్ధకం వస్తుంది, దానికి వేరే మందు ఉంది. భయపడి గోలీలు ఆపవద్దు.

నేను భయపడలేదు. గడియారం చూసే ఇచ్చాను. పొద్దున ఆరు, పది, మధ్యాహ్నం రెండు, సాయంత్రం ఆరు, రాత్రి పది. గోలీ వేసుకున్న అరగంటకు ఆయన ముఖం వదులయ్యేది. కళ్లు మూతపడేవి. పిలిస్తే "ఊఁ" అనేవాడు, అంతే.

శుక్రవారం మాత్రం వేరు.

మరిదికి వారంలో ఒక్కరోజే సెలవు, శుక్రవారం. మన టైములో మూడు గంటలకు వీడియో కాల్ చేసేవాడు. గోలీలు మొదలుపెట్టిన మొదటి శుక్రవారం అన్న సగం నిద్రలో ఉండి రెండు మాటలు కూడా సరిగ్గా మాట్లాడలేదు. మరిది ఫోన్‌లో ఏడ్చాడు. ఆయన ఎత్తుకొని పెంచిన తమ్ముడు. తర్వాతి శుక్రవారం నేను పది గంటల గోలీ ఇవ్వలేదు. రెండు గంటలది ఫోన్ అయిపోయాక నాలుగింటికి ఇచ్చాను. అంటే పొద్దున ఆరు నుంచి సాయంత్రం నాలుగు దాకా ఏమీ లేదు. మూడు గంటలకు ఆయన కళ్లు తెరిచి ఉన్నాయి. నుదుటి మీద చెమట తుడిచి, వీపు వెనుక దిండు పెట్టి కూర్చోబెట్టాను. తమ్ముడితో పావుగంట మాట్లాడాడు. తబేలాలో కొత్తగా వచ్చిన మగగుర్రం సంగతి అడిగాడు. దాన్ని ఎట్లా పట్టుకోవాలో చెప్పాడు. నవ్వాడు కూడా.

ఫోన్ పెట్టేశాక నా వైపు చెయ్యి చాపి, "ఇగ తే" అన్నాడు.

ఆయనకు తెలుసన్నమాట. అయినా నేను తర్వాతి శుక్రవారం కూడా అట్లాగే చేశాను. ఏడు శుక్రవారాలు చేశాను. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు, వద్దనలేదు. ప్రతిసారీ ఫోన్ అయ్యాక "ఇగ తే" అన్నాడు.

ఆయన ఒక సోమవారం పోయాడు. మిగిలిన గోలీలు దవాఖానలో తిరిగి ఇచ్చేయాలి. లెక్క ప్రకారం మిగలాల్సిన వాటికంటే ఏడు ఎక్కువ ఉన్నాయి. నర్సు పుస్తకంలో రాసుకున్నది, ఏమీ అడగలేదు.

మరిది మూడో రోజు వచ్చాడు. స్నానం చేసి వచ్చి నా ఎదురుగా కింద కూర్చొని ఒకటే మాట అన్నాడు. "పోయిన శుక్రారం గూడ నవ్వుకుంట మాట్లాడిండు గద వదినా. మంచిగున్నడు అనుకున్న. గట్ల లేకుంటె ఎప్పుడో వచ్చేటోణ్ణి. సెలవు ఇస్తనన్నడు మా మేనేజర్. ఎండకాలం దాక ఆగుదాం అనుకున్న."

గోలీల సంగతి అప్పుడు చెప్పలేదు. ఇంట్లో మనుషులు ఉన్నారు. తర్వాత పదిరోజులూ ఉన్నారు. ఆ తర్వాత అతను వెళ్లిపోయాడు. వెళ్లాక కూడా శుక్రవారం ఫోన్ చేయడం మానలేదు. ఇప్పుడు నాతో మాట్లాడేవాడు, రెండు నిమిషాలు. ఫోన్ గుర్రం వైపు తిప్పమనేవాడు, కాసేపు చూసేవాడు. ప్రతి శుక్రవారం చెబుదామనుకునేదాన్ని, చెప్పలేదు.

గుర్రాన్ని బ్యాండు వాళ్లే బరాతులకు తీసుకుపోయి తీసుకొచ్చేవారు. మేత, నీళ్లు నేను చూసుకునేదాన్ని. తోమడం కూడా నేర్చుకున్నాను, కానీ దానితో మాట్లాడటం చేతకాలేదు. పొద్దున లైబ్రరీకి పోయేముందు, వచ్చాక, దాని పక్కన నిలబడేదాన్ని. అది ఆయన కోసం గుమ్మం వైపు చూసిందని, మేత మానేసిందని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. అట్లా ఏమీ జరగలేదు. అది బాగానే తిన్నది.

మాఘంలో ఏర్గట్లలో ఒక బరాతుకు పోయి కుంటుతూ వచ్చింది. ముందటి కుడికాలు. గిట్ట అడుగున మేకు దిగి ఉంది. బ్యాండు అతను మేకు పీకేశాడు. ఆర్మూర్‌లో దెబ్బ తగిలితే ఏం చేస్తారో నేనూ అదే చేశాను. పసుపు, సున్నం కలిపి ముద్దగా చేసి ఆ రంధ్రంలో నింపి గుడ్డ కట్టాను. పెద్దమ్మ దగ్గరుండి చెప్పింది. "మా పసుపే, మొన్న ఉడకబెట్టింది. దీనికి లొంగని పుండు లేదు బిడ్డా." ముద్ద ఎండి గట్టిగా బిగుసుకుంది. మూడోరోజుకు గుర్రం ఆ కాలు నేల మీద మోపడం మానేసింది. గిట్ట కొస మాత్రం ఆనించి నిలబడేది. చెవులు వెనక్కి పడి ఉన్నాయి. మేత ముట్టలేదు.

పశువుల దవాఖాన డాక్టరు చిన్న వయసు అమ్మాయి. ఉద్యోగం రాకముందు పరీక్షలకు మా లైబ్రరీలోనే చదువుకున్నది. అందుకే నన్ను ఇంకా మేడం అంటుంది. బుధవారం వచ్చి నొప్పి సూది ఇచ్చింది, తగ్గలేదు. గురువారం పదిన్నరకు మళ్లీ వచ్చి, గిట్ట చెక్కి లోపలి చీము తీయాలన్నది. నా పసుపు కట్టు విప్పి చూసింది.

"పుండు మీద పసుపు మంచిదే మేడం. రంధ్రం మూస్తే మాత్రం చీము యాడికి పోవాలె?"

మెడ దగ్గర రెండు మందులు ఎక్కించింది. ఒకటి మత్తు మందు. రెండోది ఏమిటని అడిగాను.

"మార్ఫిన్ జాతిదే మేడం. గట్టి నొప్పికి ఇస్తం."

ఆ పేరు వినగానే నాకు ఒక రకమైన ధైర్యం వచ్చింది. ఆ మందు సంగతి నాకు తెలుసు. అరగంటలో ముఖం వదులవుతుంది. కళ్లు మూతపడతాయి.

మొదట అట్లాగే జరిగింది. గుర్రం తల కిందికి వేలాడేసింది, కింది పెదవి జారింది. డాక్టరు గిట్టను ఒడిలో పెట్టుకొని వంకర కత్తితో చెక్కింది. ఒక చోట నల్లని చీము చిమ్మింది. ఆ వాసనకు పెద్దమ్మ కొంగు ముక్కుకు పెట్టుకొని ఇంటికి పోయింది. డాక్టరు కడిగి, మందు పెట్టి, కట్టు కట్టి, పైన మందపాటి ప్లాస్టర్ చుట్టింది. అంకాపూర్‌లో ఒక బర్రె ఈనలేక అవస్థ పడుతున్నదని ఫోన్ వస్తే స్కూటీ మీద వెళ్లిపోయింది.

నేను లైబ్రరీకి సెలవు పెట్టాను. స్టూలు వేసుకొని వేపచెట్టు నీడలో కూర్చున్నాను. పన్నెండు దాటాక గుర్రం తల ఎత్తింది. ఒకసారి తల విదిలించింది. తర్వాత నడవడం మొదలుపెట్టింది.

పెరటి గోడ వెంట ఆ చివర దాకా పోతుంది, తిరుగుతుంది, ఈ చివర దాకా వస్తుంది, మళ్లీ తిరుగుతుంది. మెల్లగా కాదు, వేగంగా. నడుస్తూ నడుస్తూ తలను పైకి విసురుతుంది. కళ్లు పెద్దవిగా ఉన్నాయి. నీళ్ల తొట్టి దగ్గర ఆగలేదు. నేను పిలిస్తే ఆగలేదు. తాడు పట్టుకుంటే నన్ను కూడా లాక్కుపోయింది. మూడు రోజులుగా కాలు మోపలేని జంతువు. మార్ఫిన్ ఇచ్చాక కూడా ఇట్లా తిరుగుతున్నదంటే లోపల నొప్పి ఎంత ఉండాలి? నాకు వేరే ఆలోచన రాలేదు. మందు పని చేస్తే నిద్ర రావాలి. నిద్ర లేదంటే మందు పని చేయలేదు. మందు పని చేయకపోతే మిగిలేది నొప్పే. నాకు తెలిసిన ఒకే ఒక్క మనిషిని చూసి నేర్చుకున్న లెక్క అది.

పెద్దమ్మ గోడ మీది నుంచి చూసింది. "అయ్యో, పానం కొట్టుకుంటున్నదే. దాన్ని గట్ల బాధ పెట్టకు బిడ్డా."

ఆ మాట తగిలింది. ఒకరిని బాధలో ఉంచి, గోలీ చేతిలోనే పెట్టుకొని ఏడు శుక్రవారాలు చూస్తూ కూర్చున్నదాన్ని. ఇంకోసారి అట్లా కూర్చోవద్దనుకున్నాను. డాక్టరుకు ఫోన్ చేశాను.

"ఇంకొక సూది అన్న ఇయ్యి, లేకుంటె పానం తీసే సూది అన్న ఇయ్యి. దీన్ని గిట్ల ఉంచొద్దు, చంపేయి" అన్నాను.

"ఏమైంది మేడం? కింద పడ్డదా?"

"పడలే. తిరుగుతున్నది. ఆగుతలేదు."

అవతల బర్రె అరుపు వినపడింది. డాక్టరు ఎవరితోనో "గట్టిగ పట్టు" అన్నది. తర్వాత నాతో అన్నది. "వస్తున్న. ఏం ఇయ్యకున్రి. పసుపు గూడ."

ఆమె వచ్చేసరికి ఒంటిగంటన్నర అయింది. చేతులు మోచేతుల దాకా కడుక్కొని వచ్చినట్టున్నది, కుర్తా ముందంతా తడిసి ఉంది. గేటు దగ్గరే నిలబడి రెండు నిమిషాలు గుర్రాన్ని చూసింది. నేను ఆమె చేతిలో సంచీని చూశాను. ఆమె సంచీ కింద పెట్టింది, తెరవలేదు.

"తిరుగుతదని చెప్పలేదా నేను?"

"చెప్పలేదు."

"అయితె మరిచిపోయిన. తప్పు నాదే." స్టూలు మీద కూర్చుంది. "ఆ మందుకు గుర్రం గిట్లనే చేస్తది మేడం. మనిషికి ఇస్తే నిద్ర వస్తది. కుక్క గూడ పండుకుంటది. గుర్రం తీరు వేరే, తిరుగుతది. మత్తు మందు తొందరగ దిగింది, ఇది ఇంక ఉన్నది. గంట, గంటన్నర. గంతే."

"నొప్పి లేదా మరి?"

"నడక చూడకున్రి. ముఖం చూడున్రి. నిన్న చెవులు ఎట్లున్నయి?"

"వెనక్కి."

"ఇప్పుడు?"

ముందుకు ఉన్నాయి. గుర్రం మా వైపు వచ్చి తిరుగుతున్నప్పుడు చూశాను. కళ్ల మీద నిన్నటి ముడత లేదు. ముక్కుపుటాలు బిగుసుకొని లేవు. గడ్డం కింది కండ గట్టిగా లేదు.

"కాలు చూడున్రి ఇగ."

ముందటి కుడికాలు. కట్టుతో సహా నేలమీద పూర్తిగా మోపుతున్నది. నాలుగు కాళ్ల చప్పుడూ ఒకేతీరుగా ఉంది, కట్టు కట్టిన కాలిది కొంచెం మెత్తగా. గంటన్నర సేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను. ఆ సంగతి మాత్రం చూడలేదు.

"నొప్పి ఉన్నప్పుడు ఇస్తే గింత తిరగవు" అన్నది డాక్టరు. "చీము పోయింది, నొప్పి పోయింది, మందు మిగిలింది. ఇంకో సూది ఇచ్చి ఉంటే ఇంక ఎక్కువ తిరిగేది. రెండో సూది సంగతి…" ఆ మాట పూర్తి చేయలేదు. "మీరు అట్ల అడుగుతరనుకోలే మేడం."

నేను లోపలికి పోయి చాయ్ పెట్టుకొచ్చాను. ఇద్దరం తాగుతూ గుర్రం తిరగడం చూశాం. మూడున్నర ప్రాంతంలో అది నెమ్మదించింది. నీళ్ల తొట్టి దగ్గర ఆగి తాగింది. డాక్టరు లేచి చెవి దాని డొక్కకు ఆనించి కడుపులో చప్పుడు విన్నది.

"మనిషికి పండుకునేది తల, దీనికి పేగులు. ఈ మందుకు కదలిక తగ్గుతది. లద్ది వెయ్యకుంటె కడుపు నొప్పి పట్టుకుంటది, గుర్రానికి అది కాలు నొప్పి కంటె పెద్ద ప్రమాదం. ఎండు మేత వద్దు. పచ్చిది తడిపి పెట్టున్రి, నీళ్లు తాగనీయున్రి. రేపు పొద్దుగాల లద్ది వేస్తే ఇగ ఫికర్ లేదు. వెయ్యకుంటె ఫోన్ చేయున్రి. చంపమని మాత్రం చెయ్యకున్రి" అని చిన్నగా నవ్వి వెళ్లింది.

దవాఖానకు పోయాక తన పుస్తకంలోని నాలుగు పేజీలు ఫొటోలు తీసి నాకు పంపింది. చీకటి పడకముందే చదివాను. మార్ఫిన్‌ను మనిషి శరీరం, గుర్రం శరీరం రెండూ కాలేయంలోనే మార్చి బయటకు పంపుతాయట. గుర్రం రక్తంలోంచి అది తొందరగా పోతుంది. మారిన రూపాల్లో ఒకటి గుర్రాన్ని స్థిమితంగా నిలబడనివ్వకపోవచ్చునట. నొప్పి లేని గుర్రానికి ఇస్తే ఈ తిరుగుడు ఎక్కువగా, నొప్పిలో ఉన్నదానికి ఇస్తే తక్కువగా కనిపిస్తుంది. 'కావచ్చు' అన్న మాట ఆ నాలుగు పేజీల్లో చాలా చోట్ల ఉంది. అట్లాంటి పుస్తకాన్ని నేను నమ్ముతాను. ఒకే మందు ఒక ప్రాణిని నిద్రపుచ్చుతుంది, ఇంకొకదాన్ని నడిపిస్తుంది. బయటి నుంచి చూసేవాళ్లకు రెండింటిలో ఏది సుఖమో తెలియదు.

ఆయన మెలకువగా ఉంటే బాగున్నాడనుకున్నాం, నేనూ మరిదీ. మెలకువకు కారణం నాకు తెలుసు. అతనికి తెలియదు.

సాయంత్రం దాకా లద్ది లేదు. పొద్దున ఐదున్నరకు లేచి పెరట్లోకి పోయాను. గుర్రం నిలబడి ఉంది, నాలుగు కాళ్ల మీద. గోడ మూలన లద్ది వేసి ఉంది. కొద్దిగానే, గట్టి ఉండలుగా, కానీ వేసింది. చేత్తో ముట్టుకొని చూశాను, ఇంకా వెచ్చగా ఉంది. డాక్టరుకు ఆ ఫొటో పంపించాను. లైబ్రరీలో పని చేసే మనిషి ఫోన్‌లో ఉండాల్సిన ఫొటో కాదు. ఆమె వెంటనే చేతులు జోడించిన బొమ్మ పంపింది.

అది శుక్రవారం.

మూడు గంటలకు మరిది ఫోన్ వచ్చింది. వెనుక తబేలా కనపడుతున్నది. ఎవరో బకెట్ ఈడుస్తున్న చప్పుడు. బుధవారమే అతనికి కాలు సంగతి మెసేజ్ పెట్టి ఉన్నాను.

"కాలు ఎట్లుంది వదినా?"

"మోపుతున్నది. నిన్న చీము తీసిన్రు. మార్ఫిన్ లాంటి సూది ఇచ్చిన్రు."

"అబ్బ! తిరిగిందా మరి?"

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే గద. మొదటిసారి ఇక్కడ ఒక గుర్రానికి ఇస్తే అన్న ఏం చేసిండో ఎరుకేనా? గుర్రానికి పిచ్చి లేసిందని షేకు ఇంటి దాక ఉరికిండు. చెప్పులు గూడ లేవు. ఏడాది దాక అందరు నవ్విన్రు. నీకు చెప్పలేదా?"

చెప్పలేదు. చెప్పి ఉంటే నిన్న నేను ఆ ఫోన్ చేసేదాన్ని కాదు. గుర్రం చెవిలో చెప్పాడేమో, నేను పుస్తకంలో ఉండి వినలేదేమో. మరిది నవ్వుతున్నాడు. అన్న పోయాక అతను నవ్వడం అదే మొదటిసారి. అది అయిపోయేదాకా ఆగాను.

"నేను గూడ నొప్పి అనుకున్న. చంపమన్న" అన్నాను.

"చంపమన్నవా? ఎందుకు వదినా?"

"నీకు ఒకటి చెప్పాలె తమ్మీ. పెట్టేయకు, విను."

చెప్పాను. పది గంటల గోలీ, రెండు గంటల గోలీ, చెమట తుడవడం, దిండు, ఏడు శుక్రవారాలు, "ఇగ తే." వరుసగా చెప్పాను. నేను ఎందుకు చేశానో చెప్పలేదు, అది అతనికి అర్థమవుతుంది. ఆయన అంత బాగా మాట్లాడింది గోలీ లేకపోవడం వల్లనే అని, బాగుండి కాదని, అది చూసి నువ్వు రాకుండా ఆగిపోయావని, మూడో రోజు నువ్వు ఆ మాట అన్నప్పుడే చెప్పాల్సిందని, అన్నీ చెప్పాను.

అతను ఫోన్‌ను దేనికో ఆనించినట్టున్నాడు. తెర మీద తబేలా కప్పు, రేకులు, ఒక ఫ్యాను కనిపించాయి. అతని ముఖం లేదు. బకెట్ చప్పుడు ఆగిపోయింది. చాలాసేపు ఆ ఫ్యాను తిరగడమే చూశాను.

"వదినా" అన్నాడు. ముఖం ఇంకా కనిపించలేదు. "లద్ది ఏసిందా?"

"పొద్దుగాల ఏసింది."

"గట్టిగున్నదా?"

"గట్టిగున్నది."

"నీళ్లు ఎక్కువ పెట్టు. జర ఉప్పు ఏసి పెట్టు, తాగుతది."

"పెడ్త."

ఫోన్ పెట్టేశాడు. ప్రతిసారీ 'వచ్చే శుక్రారం చేస్త' అనేవాడు. ఆ మాట అనలేదు.

తర్వాతి శుక్రవారం మూడు గంటలకు ఫోన్ ముందు పెట్టుకొని కూర్చున్నాను. రాలేదు. నాలుగింటి దాకా చూసి లేచి గుర్రానికి నీళ్లు పెట్టాను, ఉప్పు వేసి. ఆ వారమంతా లైబ్రరీలో పేపర్లు సర్దాను, పుస్తకాలకు అట్టలు వేశాను. ఇంటికి వచ్చి గుర్రాన్ని తోమాను. ఎవరితోనూ ఎక్కువ మాట్లాడాల్సిన అవసరం రాలేదు. పెద్దమ్మ రెండుసార్లు "ఏమైందే, మూగబోయినవ్" అన్నది. పసుపు దుమ్ముకు గొంతు పట్టిందన్నాను.

ఆ పై శుక్రవారం మూడు దాటి పది నిమిషాలకు ఫోన్ మోగింది. అతను సన్నబడ్డాడో, వెలుగు వల్లనో, అన్న పోలిక ఎక్కువగా కనిపించింది. బాగున్నావా అని అడగలేదు. నేను కూడా అడగలేదు.

"గుర్రం దిక్కు తిప్పు వదినా" అన్నాడు.

తిప్పాను. గుర్రం గడ్డి తింటున్నది. కట్టు విప్పి రెండు రోజులైంది. వీపు మీద ఆ రోజు దుమ్ము అప్పుడే పడింది. అతను చూస్తున్నాడు. అతని ఊపిరి వినపడుతున్నది. గుర్రం ఒక అడుగు పక్కకు వేస్తే నేనూ ఒక అడుగు పక్కకు జరిగాను, అది తెరలో నుంచి పోకుండా. ఎంతసేపో తెలియదు. చెయ్యి నొప్పి పుట్టింది. దించలేదు.